ఇంటితో సహా డ్రైవింగ్ పరీక్ష

మా ఇంట్లో బాత్రూము తలుపుకి లోపల ఒక గడియ, బయట ఒక గడియ ఉంటాయి. బయట గడియ ఎందుకో చెప్పాలంటే, మాది చక్రాల మీద తిరిగే ఇల్లని ముందు చెప్పాలి. బండి మలుపు తిరిగినప్పుడల్లా ఆ తలుపు ధన్‌మని తెరుచుకుని వంటగట్టును గుద్దుతుంది. అందుకని బయల్దేరే ముందు బయట గడియ పెట్టడం నా వంతు. తొమ్మిదేళ్ళుగా పెడుతున్నాను. లోపల ఎవరైనా ఉన్నారేమోనని ఏనాడూ చూడలేదు. ఇంట్లో ఉండేది ఇద్దరం. గడియ పెట్టేది నేను, స్టీరింగు ముందు కూర్చునేది ఆయన. ఇక లోపల ఎవరుంటారు?

ఇల్లన్నానని గొప్పగా ఊహించుకోకండి. మంచం మీద కూర్చుని చెయ్యి చాస్తే పొయ్యి అందుతుంది. ఇంకాస్త చాస్తే బయటి గుమ్మం అందుతుంది. మంచాన్నే మడిస్తే బల్ల, బల్ల కిందే నా కుట్టు మిషను, మిషను వెనకాల బియ్యం డబ్బా. ఒకరు అటూ ఇటూ తిరగాలంటే రెండోవాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవాలి. పోట్లాడుకుంటే అలిగి వెళ్ళడానికి పక్కగది లేదు. నేను అలిగితే ముందు సీట్లోకి వెళ్ళి అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటాను. ఆయన అలిగితే పానా పట్టుకుని బండి కిందికి దూరతారు. ఆయన అలకల పుణ్యమా అని మా బండికి ఒక్క బోల్టు కూడా ఇంతవరకూ వదులు కాలేదు.

మా ఆయన ముప్ఫై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీ బస్సు నడిపారు. పొద్దున మనుషుల్ని తీసుకెళ్ళడం, సాయంత్రం దింపడం, మళ్ళీ పొద్దున అదే రోడ్డు. దారిలో ఒక నాలుగు రోడ్ల కూడలి వచ్చేదట. రోజూ నేరుగా వెళ్ళిపోవడమే తప్ప కుడికి తిరిగితే ఏముందో, ఎడమకి తిరిగితే ఏముందో ఆయనకు తెలియదు. రిటైరైన మర్నాడు పొద్దున్నే లేచి, "ఏమోయ్, ఆ కుడివైపు రోడ్డు చూసొద్దామా?" అన్నారు. సాయంత్రానికి వచ్చేస్తాం కదా అని నేను సరేనన్నాను. ఆ తర్వాత ఈ బండి కొనడం, లోపల చెక్కపని ఆయనే చేసుకోవడం, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యడం అన్నీ జరిగిపోయాయి. ఆ సాయంత్రం ఇంకా కాలేదు.

ఏ ఊళ్ళో సంత ఉంటే ఆ ఊళ్ళో ఆగుతాం. బండి పక్కన చిన్న పందిరి లాగి, మిషను దింపి, "జిప్పులు, అంచులు, బొత్తాలు - మీరు కూరలు కొనేలోగా" అని బోర్డు పెడతాను. ఆ బోర్డు మా ఆయన రాశారు. మీరు కూరలు కొనేలోగా అవదని నేను మొత్తుకున్నా వినలేదు. నేను కుడుతుంటే ఆయన మంచినీళ్ళ ట్యాంకు నింపుతారు, మురికినీళ్ళ ట్యాంకు ఖాళీ చేసొస్తారు, బండి పైకెక్కి సోలారు పలక తుడుస్తారు. మధ్యాహ్నానికి పక్క దుకాణాల వాళ్ళందరి పేర్లూ, వాళ్ళ మోకాళ్ళ నొప్పులూ ఆయనకు కంఠతా వచ్చేస్తాయి. మర్నాడు పొద్దున బయల్దేరతాం.

బయల్దేరేటప్పుడు మాకో పద్ధతుంది. స్టీరింగు ముందున్న మనిషి అడగాలి, వెనకున్న మనిషి జవాబు చెప్పాలి.

"గ్యాసు?"

"కట్టేశా."

"కిటికీలు?"

"మూశా."

"అల్మరా?"

"బిగించా."

"మెట్టు?"

"మడిచా."

"మనిషి?"

"ఉన్నా."

చివరి ప్రశ్న మొదట్లో లేదు. ఒకసారి పెట్రోలు బంకులో నేను చెత్త పారేయడానికి దిగితే, దిగాక మెట్టు నేనే మడిచేశానేమో, అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకుని ఆయన వెళ్ళిపోయారు. దారి పొడుగునా వెనక పడుకున్న నాతో కబుర్లు చెబుతూనే ఉన్నారట. నేను పలక్కపోతే, "సరేలే, నిన్నటి కోపం ఇంకా తగ్గలేదన్నమాట" అని ఓ పాట కూడా పాడారట. వెనక్కొచ్చేసరికి నేను బంకు వాళ్ళ కుర్చీలో కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగుతున్నాను. ఆ రోజు నుంచి మనిషిని కూడా అడుగుతున్నాం.

ఇంత సుఖంగా సాగుతుండగా, పోయిన ఏడు కళ్ళ డాక్టరు మా ఆయన్ని కూర్చోబెట్టి ఏవేవో దీపాలు చూపించాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తోంది, పక్కనున్నది కనిపించడం లేదని తేల్చాడు. చుక్కలు వేసుకుంటే చూపు ఇంక తగ్గకుండా ఉంటుంది, పోయింది మాత్రం తిరిగి రాదన్నాడు.

"పక్కనున్న మనిషి ఈయనకు పెళ్ళయినప్పటి నుంచీ కనిపించదు డాక్టరుగారూ, మీరిప్పుడు కనిపెట్టారు" అన్నాను.

డాక్టరు నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. బండి దగ్గరికొచ్చి తాళాలు నా చేతిలో పెట్టి, పక్క సీట్లో కూర్చున్నారు. అప్పుడు నాకు అర్థమైంది. రెండేళ్ళ నుంచి ప్రతి కూడలి దగ్గరా "నీ వైపు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంటే ఏదో మాట కలపడానికి అడుగుతున్నారనుకుని, "నా వైపు ఖాళీ, పోనివ్వండి" అని చెబుతూ వచ్చాను. ఆయన పక్కచూపు నేనే అయ్యానని నాకు తెలియనే తెలియదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

విషయం తెలియగానే మా అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, నాన్న ఇక నడపకూడదు. బండి అమ్మేసి మా మేడ మీద గదిలోకి వచ్చెయ్యండి. గాలీ వెలుతురూ బాగుంటాయి. రోజూ పిల్లల్ని చూసుకోవచ్చు" అంది. మంచి పిల్ల. గది కూడా మంచిదే, కాదనను. కానీ ఆ గది కిటికీలోంచి రోజూ ఒకటే గోడ కనిపిస్తుంది.

"నేను నేర్చుకుంటా" అన్నాను.

"నువ్వా? సరే. నువ్వు పాసైతే నేను మళ్ళీ నోరెత్తను. కాకపోతే మాత్రం బండి అమ్మేద్దాం. మాట ఇవ్వమ్మా" అంది. ఇచ్చాను.

మొగుడి దగ్గర బండి నేర్చుకోవడం ఎలా ఉంటుందో నేర్చుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మగ్గు నిండా నీళ్ళు పోసి నా సీటు వెనక కింద పెట్టేవారు. "ఒలికితే మా ప్యాసింజర్లు నిద్ర లేచినట్టు" అనేవారు. గేరు మార్చడం ఆలస్యమైతే నోటితో చెప్పరు, రెండుసార్లు దగ్గుతారు. ఖళ్, ఖళ్. ఆ దగ్గు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. "జలుబు చేసిందా?" అనేదాన్ని. "నీ ఇంజనుకి చేసింది" అనేవారు.

మొదటిసారి పరీక్షలో రివర్సు తీస్తూ ఆ ఆఫీసు వాళ్ళ పూలకుండీ పగలగొట్టాను. రెండోసారి అంతా బాగానే చేశాను గానీ, కూడలి దగ్గర ఆగిపోయాను. రోడ్డు ఖాళీగా ఉంది, వెనక వాళ్ళు హారను మోగిస్తున్నారు, నేను మాత్రం కదల్లేదు. ఎవరో ఒకరు "నా వైపు ఖాళీ" అంటారని ఎదురుచూస్తున్నాను. పక్కన కూర్చున్న పరీక్షాధికారికి ఆ సంగతి ఏం తెలుసు!

మూడుసార్లు తప్పితే మళ్ళీ ఆరు నెలలదాకా రానివ్వరు. మా ఆయన లైసెన్సు చూస్తే ఆ నెలాఖరుకి గడువు తీరిపోతుంది, డాక్టరు ఇక సంతకం పెట్టడు. ఆ గడువు తీరితే ఆయన పక్కన కూర్చున్నా నేను నేర్చుకోవడానికి వీల్లేదు. అంటే ఈ మూడోసారితో తాడో పేడో తేలిపోవాలి. లేదంటే మేడ మీద గది.

పరీక్ష రోజు పొద్దున మా ఆయన పక్కన కూర్చుంటే, నేనే ఆఫీసు దాకా నడుపుకుంటూ వెళ్ళాను. ఆవరణలో మిగతావాళ్ళంతా చిన్న చిన్న కార్లతో నిలబడ్డారు. మేము ఇంటితో సహా వచ్చాం. వాళ్ళు మా కిటికీ పరదాల వంకా, వెనక వేలాడుతున్న చీపురు వంకా చూసి గుసగుసలాడుకున్నారు. చీపురు లోపల పెట్టడం మరిచిపోయినందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

నాకు పరీక్షయితే మా ఆయనకు కడుపు పాడవుతుంది. మా అమ్మాయి స్కూలు పరీక్షలప్పుడూ అంతే, అది హాయిగా రాసొచ్చేది, ఈయన నీరసపడేవారు. నా మొదటి రెండు పరీక్షలప్పుడూ నేను తిరిగొచ్చేదాకా ఆఫీసు బాత్రూములోంచి బయటికే రాలేదు. "ఇప్పుడే ఆఫీసులోకి వెళ్ళొస్తా" అంటూ ఇంట్లో చెప్పులతోనే గబగబా వెళ్ళిపోయారు. నేను సంతకం పెట్టడానికి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ పక్క తలుపు మీద "మరమ్మతులో ఉంది, వాడకండి" అని కాగితం అంటించి ఉంది. చూశాను గానీ పట్టించుకోలేదు.

ఈసారి పరీక్ష తీసుకునేది ఒక ఆవిడ. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. మొహం చూస్తే పుట్టినప్పటి నుంచీ ఎవరికీ ఒక్క మార్కు కూడా ఊరికే వెయ్యలేదని తెలిసిపోతోంది. పెన్సిలావిడ అని ఆ క్షణంలోనే పేరు పెట్టుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ మా ఇంట్లోకి తొంగి చూస్తుంటే, నేను అలవాటు కొద్దీ చకచకా అన్నీ సర్దాను. గ్యాసు కట్టాను, కిటికీలు మూశాను, అల్మరా బిగించాను, బాత్రూము గడియ ఠక్కున పెట్టాను, మెట్టు మడిచాను. పద్ధతి ప్రకారం అడగడానికి నోరు రాలేదు, అన్నీ మనసులోనే అనుకున్నాను.

"లోపల ఇంకెవరైనా ఉన్నారా?" అంది పెన్సిలావిడ.

"ఎవరూ లేరండీ. ఉండే ఒక్కాయనా మీ ఆఫీసులో ఉన్నారు."

"పరీక్ష అయ్యేదాకా మనం ఇద్దరమే ఉండాలి. మూడో మనిషి ఉంటే చెల్లదు. తెలుసుగా?"

"తెలుసండీ."

బయల్దేరాం. గేటు దాటడం, మొదటి మలుపు, రెండో మలుపు, అన్నీ నున్నగా సాగాయి. స్పీడు బ్రేకరు ఒకటి కాస్త ఆలస్యంగా చూశాను. బండి ఎగిరి పడింది. వెనక నుంచి "అబ్బా" అని వినిపించింది.

"ఏంటది?" అంది ఆవిడ.

"పెద్ద గిన్నె అండీ. గతుకొస్తే అలాగే మూలుగుతుంది."

నిజంగానే గిన్నె అనుకున్నాను. మీ మీదొట్టు. తర్వాత ఎత్తు రోడ్డు వచ్చింది. ఇంజను గుర్రుమంటోంది. గేరు మార్చాలా వద్దా అనుకుంటుండగా ఖళ్, ఖళ్ అని రెండు దగ్గులు వినిపించాయి. ఠక్కున మార్చేశాను. బండి హాయిగా ఎక్కింది. మా ఆయన దగ్గు నా చెవుల్లో ఎంత నాటుకుపోయిందంటే, మనిషి లేకపోయినా వినిపిస్తోంది చూడు అని నాలో నేనే మురిసిపోయాను. మొట్టమొదటిసారి ఆ దగ్గు మీద ప్రేమ కలిగింది.

ఎత్తు మధ్యలో పెన్సిలావిడ, "పక్కన ఆపండి. ఇంజను ఆపెయ్యండి. ఇప్పుడు మళ్ళీ బయల్దేరండి, బండి వెనక్కి జారకూడదు" అంది.

హ్యాండు బ్రేకు లాగాను. ఇంజను ఆపాను. తాళం చెవి మీద చెయ్యి వేయగానే, బయల్దేరడం అంటే నా నోటికి తెలిసిన పద్ధతి ఒకటేగా, దానంతటదే వచ్చేసింది.

"గ్యాసు?" అని, నేనే నెమ్మదిగా "కట్టేశా" అనుకున్నాను.

ఆవిడ ముడిలోంచి పెన్సిలు తీస్తూ, "ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మా పద్ధతి చెప్పాను. ఆవిడ విని, "మంచిదే. కానివ్వండి, ఇంకా ఏమున్నాయి?" అంది.

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. గొంతు పెంచి అడగడం మొదలుపెట్టాను. "కిటికీలు? మూశా. అల్మరా? బిగించా. మెట్టు? మడిచా." చివరిది కూడా అదే ఊపులో అనేశాను. "మనిషి?"

"ఉన్నా!"

వెనక నుంచి. నిండుగా, స్పష్టంగా, రోజూ వినిపించే గొంతుతో.

పెన్సిలావిడ నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను. గిన్నె అని చెప్పడానికి ఈసారి వీల్లేదు. లేచి వెనక్కి వెళ్ళి, బాత్రూము గడియ ఆవిడే తీసింది. లోపల మా ఆయన ఒక చేత్తో గోడకున్న కమ్మీ, ఇంకో చేత్తో నీళ్ళ మగ్గు పట్టుకుని నిలబడి ఉన్నారు. నుదుటి మీద చిన్న బొప్పి.

"నమస్తే మేడం" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. నాకు అలవాటైన దారి అదే కదా.

"మీరిక్కడేం చేస్తున్నారు? ఆఫీసులోకి వెళ్తానని చెప్పి వెళ్ళలేదూ?"

"అక్కడ మరమ్మతులో ఉంది. మనిల్లు ఉంది కదా అని వచ్చా. నువ్వే గడియ పెట్టావు."

"పెడితే అరవకూడదా? ఊళ్ళో అందరితోనూ గంటలు గంటలు మాట్లాడతారే, ఇక్కడ నోరు పడిపోయిందా?"

"అరుద్దామనే అనుకున్నా. అంతలో నువ్వు మేడంతో ఎవరూ లేరండీ అన్నావు. నేను అరిస్తే నువ్వు అబద్ధం చెప్పినట్టవుతుందని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా."

"కూర్చున్నవారు చివరిదాకా కూర్చోవచ్చుగా!"

"నువ్వు అడిగావు కదే" అన్నారాయన దీనంగా. "నువ్వు మనిషి అంటే నేను ఉన్నా అనకుండా ఎలా ఉంటాను?"

కోపం ఎటు పోయిందో తెలియలేదు. మిగిలిన ఏడుపే కళ్ళల్లోకి వచ్చింది. మేడ మీద గది, దాని కిటికీ, ఎదురుగా ఆ గోడ, అన్నీ కనిపించాయి. "అయిపోయిందండీ. ఇక బండి అమ్మేస్తాం" అన్నాను పెన్సిలావిడతో.

మా ఆయన మగ్గు ముందుకు చాపారు. "మేడం, నా తప్పుకి ఆవిణ్ణి తప్పించకండి. ఈ మగ్గు చూడండి. గేటు దగ్గర నిండా ఉంది, ఇప్పుడూ దాదాపు నిండానే ఉంది. ఆ స్పీడు బ్రేకరు దగ్గర కొంచెం ఒలికింది. అది అక్కడ కట్టినవాడి తప్పు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను, చీకట్లో వెనక ఉండి ప్రయాణం చెయ్యడం ఇదే మొదలు. మావాళ్ళు వెనక ఎలా నిద్రపోయేవారో ఇవాళ తెలిసింది. ఈవిడ బాగా నడుపుతోంది మేడం. నేను నడిపినంత బాగా నడుపుతోంది."

ఏడాది పాటు నేర్పిస్తూ ఆయన నాతో ఒక్కసారి కూడా అనని మాట అది. ఎవరికో చెబుతుంటే వినాల్సి వచ్చింది.

పెన్సిలావిడ మగ్గులోకి చూసింది. పెన్సిలు నోట్లో పెట్టుకుని కాసేపు కొరికింది. నవ్వు ఆపుకుంటోందేమోనని నా అనుమానం, ఒట్టు పెట్టి చెప్పలేను.

"మూడో మనిషి ఉన్నాడు కాబట్టి ఈ పరీక్ష చెల్లదు" అంది. "చెల్లదన్నాను గానీ తప్పారని అనలేదు. చెల్లనిది జరగనట్టే లెక్క. మూడోసారి పరీక్ష మీకింకా జరగలేదు. మీ తర్వాత పరీక్షకి రావాల్సిన మనిషి ఇవాళ రావట్లేదని పొద్దున్నే ఫోను చేశాడు. ఇక్కడి నుంచి మళ్ళీ మొదలుపెడదాం. ఏమండీ, మీరు దిగండి."

"ఎక్కడ మేడం?" అన్నారు మా ఆయన.

"ఇక్కడే."

దిగారు. దిగుతూ దిగుతూ, "ఏమోయ్, ఆ కూడలి దగ్గర..." అని మొదలుపెట్టారు.

"సలహాలు కూడా చెల్లవు" అంది పెన్సిలావిడ.

ఆయన నోరు మూసుకుని, ఇంట్లో చెప్పులతో, మగ్గు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. ఆవిడ మాత్రం ఈసారి నా మాట నమ్మలేదు. బాత్రూము చూసింది, అల్మరా తెరిచింది, మంచం కింద వంగి చూసింది, బియ్యం డబ్బా మూత కూడా ఎత్తింది. "మీ బంధువులు ఇంకెవరూ లేరుగా?" అని అడిగి, వచ్చి కూర్చుంది.

ఎత్తు మీద బండి ఒక్క అంగుళం కూడా జారకుండా బయల్దేరాను. అద్దంలో మా ఆయన చిన్నగా అవుతూ కనిపించారు. ఆయన్ని రోడ్డు మీద వదిలేసి ఈ బండి కదలడం అదే మొదటిసారి. గిన్నెలు మోగుతున్నాయి గానీ దగ్గు లేదు. ఇల్లు చాలా పెద్దదైపోయినట్టు అనిపించింది. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు నేనే ఓసారి దగ్గి మార్చాను. పెన్సిలావిడ మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

కూడలి వచ్చింది. పోయినసారి నేను శిలలా బిగుసుకుపోయిన కూడలి అదే. ఆగాను. ఒకవైపు చూశాను, రెండోవైపు చూశాను. రెండేళ్ళపాటు ఇంకొకరికి చూసిపెట్టిన కళ్ళే కదా ఇవి, నాకు మాత్రం ఎందుకు చూడవు? "నా వైపు ఖాళీ" అన్నాను పైకే. "ఆ వైపూ ఖాళీ." కదిలాను. వెనక ఎవరూ హారను మోగించలేదు.

చివరికి ఆఫీసు ఆవరణలో రివర్సు. రెండు గీతల మధ్య బండిని వెనక్కి తెచ్చి ఆపాలి. పగిలిన కుండీ స్థానంలో కొత్తది పెట్టారు, పూలు కూడా పూశాయి. జిప్పు కుట్టేటప్పుడు బట్టని లాగకూడదు, మిషను ఎంత తీసుకుంటే అంతే వదలాలి. అలాగే వదిలాను. బండి మెల్లగా వచ్చి గీతల మధ్య కూర్చుంది. కుండీకీ మాకూ మధ్య ఒక చీపురు పట్టేంత సందు మిగిలింది. పట్టింది కూడా, ఎందుకంటే చీపురు ఇంకా వెనకే వేలాడుతోంది.

పెన్సిలావిడ కాగితం మీద ఏదో రాసి, చింపి నా చేతిలో పెట్టింది. "పాసయ్యారు" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆవిడ చెయ్యి విడిపించుకుని, పెన్సిలు మళ్ళీ ముడిలో గుచ్చుకుని, దిగబోతూ ఆగింది.

"మీ పద్ధతి మానకండి. ఆ చివరి ప్రశ్న మాత్రం మొదట అడగండి."

మా అమ్మాయికి ఫోను చెయ్యాలని కూడా తోచలేదు. ఒక్కదాన్నీ బండి తిప్పుకుని బయల్దేరాను. ఇక పక్కన ఎవరూ ఉండాల్సిన పని లేదు, చట్టప్రకారం నేను ఒక్కదాన్నే నడపొచ్చు. గొప్పగా ఉంది. కొంచెం దిగులుగా కూడా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఎత్తు రోడ్డు మొదట్లోకి వచ్చేసరికి దూరంగా కనిపించారు. దింపిన చోటే ఉన్నారు, ఒక్క అడుగు కూడా కదల్లేదు. మగ్గులో నీళ్ళు పక్కనున్న మొక్కకి పోసేశారు కాబోలు, ఖాళీ మగ్గు పట్టుకుని రోడ్డు వంకే చూస్తున్నారు. బండి దగ్గరవుతున్నకొద్దీ ఆయన మొహం మారిపోయింది. తలెత్తి, నోరు కొద్దిగా తెరిచి, ఎదురుగా వస్తున్న మా ఇంటిని అలాగే చూస్తూ ఉండిపోయారు. పక్కన ఆపి తలుపు తీశాను.

"పాసయ్యానండీ!"

"తెలుసు" అన్నారు. ఎక్కలేదు. "ఏమోయ్, ఇంకోసారి రావూ?"

"ఏంటి?"

"ఒక్కసారి అలా చుట్టు తిరిగి మళ్ళీ రా. మన బండి వస్తుంటే ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూళ్ళేదు. ఎప్పుడూ లోపలే ఉన్నానాయె. బస్సుదీ అంతే. ముప్ఫై ఏళ్ళు నా కోసం అందరూ రోడ్డు మీద నిలబడి చూసేవారు. వస్తుంటే ఇంత బాగుంటుందని ఒక్కడూ చెప్పలేదు."

ఇంకో రోజైతే ఏదో ఒకటి అనేదాన్ని. ఆ రోజు తలుపు వేసుకుని, చుట్టు తిరిగి, మళ్ళీ కింద నుంచి వచ్చాను. ఈసారి దీపాలు కూడా వేశాను. రోడ్డుకి సరిగ్గా మధ్యలో, ఆయన చూపుకి సరిగ్గా ఎదురుగా నడిపాను. ఇన్నేళ్ళూ ఆయన పక్కన కూర్చున్నాను, చివర్లో ఆయనకు కనిపించని వైపు కూర్చున్నాను. ఎదురుగా వస్తే నేను ఇంకా చాలాకాలం కనిపిస్తాను. ఆయన మగ్గు పైకెత్తి, బస్సు ఆపేవాళ్ళలా ఊపారు. అందులో ఏదో గలగలమంది.

"ఏంటది?" అన్నాను ఎక్కాక.

"ఎవరో ముసలావిడ చిల్లర వేసి వెళ్ళింది. వద్దంటే వినలేదు. జాగ్రత్త నాయనా అని కూడా చెప్పింది." మగ్గు కిందపెట్టి, పక్క సీట్లో సర్దుకుని కూర్చున్నారు. "ఎటు పోదాం?"

"ముందు మనిషి?" అన్నాను.

"ఉన్నా."

"గ్యాసు? కిటికీలు? అల్మరా? మెట్టు?"

అన్నీ లేచి వెళ్ళి చూసొచ్చి జవాబు చెప్పారు. ఇంజను వేశాను. ఎత్తు ఎక్కి కూడలి దగ్గర ఆగాను. ఆయన సీట్లో ముందుకు జరిగి, పక్కచూపుకి అందనిది అందాలని మెడ మొత్తం తిప్పి, గడ్డం భుజానికి ఆనేదాకా అటు తిరిగి, ఆ చివర నుంచి ఈ చివరదాకా నిదానంగా చూశారు.

"నా వైపు ఖాళీ. పోనీ" అన్నారు.

ఆయన చూడకుండా నేనూ ఓసారి అటు చూసుకున్నాను. ఖాళీగానే ఉంది. కుడివైపు రోడ్డులోకి తిప్పాను.